యుద్ధ ప్రచార పోస్టరును సామాజిక చరిత్రగా చదవడం ఎలా? 1914–18 నాటి బ్రిటన్ ఉదాహరణగా

మొదటి ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ పోస్టర్లను, కరపత్రాలను ఇవాళ ఇంట్లో కూర్చునే చూడవచ్చు. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం వాటిని పెద్ద సంఖ్యలో ఆన్‌లైన్‌లో ఉంచింది. చరిత్ర విద్యార్థులు, పాఠం చెప్పే ఉపాధ్యాయులు, పత్రికలకు వ్యాసాలు రాసేవారు వాటిని విరివిగా వాడుకుంటున్నారు. అయితే చాలా సందర్భాలలో బొమ్మను చూపించి, ఆనాటి ప్రజల మనస్సు ఇలా ఉండేదని తేల్చివేయడం కనిపిస్తుంది. ఆ పద్ధతి సరైనది కాదని నా దృఢమైన అభిప్రాయం. ఒక ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టి ఊరూరా గోడల నిండా ఒక మాటను అతికించిందంటే, ఆ మాట జనంలో తనంతట తాను నిలబడదేమోనన్న అనుమానం దానికి కలిగిందన్నమాట. ఆ అనుమానం ఏ వర్గం మీద, ఏ నెలలో, ఏ కారణంగా కలిగిందో కనిపెట్టగలిగితే పోస్టరు సామాజిక చరిత్రకు గొప్ప ఆధారమవుతుంది. దాన్ని కనిపెట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ముందు తేదీ

పోస్టరు చేతికి రాగానే బొమ్మలోని ముఖాలను, రంగులను వర్ణించడం మొదలుపెట్టకండి. అది ఏ సంవత్సరంలో, వీలైతే ఏ నెలలో అచ్చయిందో తెలుసుకొని, ఆ నెలలో సైన్యంలో చేరినవారి సంఖ్యతో పోల్చండి. ఈ ఒక్క పనితోనే అనేక అపోహలు తొలగిపోతాయి.

వేలు చూపిస్తూ యువకులను పిలిచే ఆనాటి యుద్ధమంత్రి లార్డ్ కిచెనర్ బొమ్మనే తీసుకోండి. ఆల్ఫ్రెడ్ లీట్ గీసిన ఆ బొమ్మ మొదట 1914 సెప్టెంబరు 5న ‘లండన్ ఒపీనియన్’ అనే వారపత్రిక ముఖచిత్రంగా వచ్చింది. లక్షలాది మంది ఆ బొమ్మను చూసే సైన్యంలో చేరారని ఇప్పటికీ రాస్తుంటారు. కానీ యుద్ధం మొత్తం మీద ఒకే రోజున అత్యధికంగా, అంటే 33 వేల మందికి పైగా, చేరినది సెప్టెంబరు 3న. అప్పటికి ఆ ముఖచిత్రం బజారుకే రాలేదు. ఆ నెలంతటిలో చేరినవారు సుమారు 4.6 లక్షల మంది. ఈనాడు మనం పుస్తకాలలో చూసే పోస్టర్లలో అధికభాగం ఆ తరువాత, ముఖ్యంగా 1915లో, వెలువడినవి. అప్పటికి స్వచ్ఛందంగా చేరేవారి సంఖ్య తగ్గుతూ వస్తోంది. 1915 శరదృతువులో సైనిక భర్తీ బాధ్యతలు చూస్తున్న లార్డ్ డెర్బీ పేరుమీద, పిలిచినప్పుడు సైన్యంలో చేరతామని ఇంటింటికీ వెళ్ళి మాట తీసుకునే పథకం పెట్టారు. అది కూడా చాలకపోవడంతో 1916 జనవరిలో పెళ్లికాని పురుషులకు, మే నెలలో పెళ్లయినవారికి కూడా నిర్బంధ సైనిక సేవను చట్టం చేశారు. కాబట్టి 1915 నాటి పోస్టర్ల ఉధృతిని ఉత్సాహానికి గుర్తుగా కాక, ఉత్సాహం సన్నగిల్లుతున్నదనడానికి గుర్తుగా చదవవలసి ఉంటుంది.

మరి ఈ పోస్టర్ల ఉధృతి మొదలుకాకముందే 1914 సెప్టెంబరులో అంతమంది ఎందుకు చేరారు? దేశాభిమానం నిజమైన కారణమే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. ఆగస్టు చివరలో బెల్జియంలోని మోన్స్ నుంచి బ్రిటిష్ సేన వెనుదిరుగుతున్న వార్తలు వచ్చి, దేశానికి ప్రమాదమన్న భావం బలపడింది. ఒకే వీధివారు, ఒకే కార్ఖానావారు ఒకే దళంలో ఉండవచ్చునన్న హామీ మరొక కారణం. వీటితోపాటు పని లేకపోవడం కూడా ఒక కారణమని మరువకండి. యుద్ధం మొదలైన వారాలలో వ్యాపారం స్తంభించి, నూలు మిల్లుల ప్రాంతమైన లాంకషైర్‌లో వేలాది కార్మికులకు పని పోయింది. అక్కడి ఏక్రింగ్టన్ పట్టణంలో ఒక పెద్ద యంత్రాల కర్మాగారంలో ఆ వేసవి నుంచే లాకౌటు నడుస్తోంది. ఆ పట్టణం పేరుమీద ఏర్పడిన ‘పాల్స్’ దళం, అంటే స్నేహితులూ ఇరుగుపొరుగువారూ కలిసి చేరిన దళం, 1916 జూలై 1న, ఫ్రాన్సులో సోమ్ యుద్ధం మొదటి ఉదయం, సెర్ గ్రామం వద్ద దాడికి దిగినప్పుడు సుమారు 700 మందిలో 580 మందికి పైగా మరణించడమో, గాయపడడమో, కనిపించకుండా పోవడమో జరిగింది. వీధివారందరూ కలిసి వెళ్ళినందువల్ల కబురు కూడా వీధి మొత్తానికి ఒక్కసారే వచ్చింది.

ఎవరి పేరుతో అచ్చయింది

తేదీ తరువాత పోస్టరు అడుగున చిన్న అక్షరాలను చదవండి. ముద్రణాలయం పేరు, వరుస సంఖ్య, ప్రచురించిన సంఘం పేరు అక్కడ ఉంటాయి. 1915 నాటి పోస్టర్లలో ఎక్కువగా కనబడేది పార్లమెంటరీ రిక్రూటింగ్ కమిటీ. 1914 ఆగస్టు చివరలో ఏర్పడిన ఈ సంఘానికి లిబరల్ ప్రధాని ఆస్క్విత్, కన్సర్వేటివ్ నాయకుడు బోనార్ లా, లేబర్ పార్టీకి చెందిన ఆర్థర్ హెండర్సన్ కలిసి అధ్యక్షులుగా ఉన్నారు. ఈ మూడో పేరు వద్ద కొంచెం ఆగండి. యుద్ధానికి ఒప్పుకోలేక రామ్సే మెక్డొనాల్డ్ ఆ ఆగస్టులోనే లేబర్ నాయకత్వం వదులుకున్నాడు. ఆయన స్థానంలోకి వచ్చిన హెండర్సన్ పేరు పోస్టర్ల కమిటీలో చేరడమంటే, కార్మికుల ఇళ్ళలోకి వెళ్ళడానికి ఒక దారి దొరకడమే. ఎన్నికల సమయంలో ఓట్లు అడిగే స్థానిక కార్యకర్తల యంత్రాంగమే ఇప్పుడు సైనికులను అడగడానికి వీధుల్లోకి వెళ్ళింది.

పేరు కనబడనంత మాత్రాన ప్రభుత్వం లేదని అనుకోవద్దు. చార్ల్స్ మాస్టర్‌మన్ అధ్యక్షతన లండన్‌లోని వెలింగ్టన్ హౌస్‌లో పనిచేసిన రహస్య ప్రచార కార్యాలయం తన పుస్తకాలను మామూలు వాణిజ్య ప్రచురణకర్తల పేర్లతోనే వెలువరించింది. వాటిని అమెరికా వంటి తటస్థ దేశాలలోని ఆచార్యులకు, సంపాదకులకు, రాజకీయ నాయకులకు పంపేవారు. వీధిలోని కూలివాడికి రంగుల పోస్టరు, విదేశంలోని పెద్దమనిషికి గంభీరమైన పుస్తకం అన్న ఈ విభజనే వర్గదృష్టికి సాక్ష్యం. అందువల్ల ప్రతి ప్రచార పత్రానికీ ఏ రకపు కాగితం మీద, ఏ ధరకు, ఎవరి చేతికి అందిందన్న వివరం రాసుకోండి.

ఎవరి ఇంటి లోపల

ఇప్పుడు బొమ్మలోకి వెళ్ళవచ్చు. 1915లో సావిల్ లమ్లీ గీసిన ప్రసిద్ధ పోస్టరులో ఒక తండ్రి పడకకుర్చీ వంటి మెత్తని కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఒళ్ళో కూతురు పుస్తకం తెరిచి, ‘నాన్నా, మహాయుద్ధంలో నువ్వేం చేశావు?’ అని అడుగుతుంది. కింద కొడుకు బొమ్మ సైనికులతో ఆడుకుంటూ ఉంటాడు. తండ్రి పిల్లకు బదులివ్వకుండా, ముఖంలో ఇబ్బందితో మనవైపు చూస్తుంటాడు.

ఈ పోస్టరును చదివేటప్పుడు వరుసగా కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఆ గది ఎవరిది? మంచి దుస్తులు, మెత్తని కుర్చీ, చదువుకునే పిల్ల, కొనిచ్చిన ఆటవస్తువులు కలిగిన మధ్యతరగతి ఇల్లు అది. సన్నివేశం ఏ కాలానిది? యుద్ధం ముగిసి, గెలుపు ఖాయమై, ఇల్లు చెక్కుచెదరకుండా ఉన్న భవిష్యత్తుది. ఆ భవిష్యత్తులో తండ్రి బతికే ఉన్నాడు, అంగవైకల్యం లేదు, అద్దె బాకీ లేదు. పోస్టరు దేన్ని ఆయుధంగా వాడుకుంది? భయాన్నో ద్వేషాన్నో కాదు, పరువును. బయటివారి ముందు తల దించుకోవలసి వస్తుందన్న జంకు ఏ వర్గాన్ని ఎక్కువగా పట్టి పీడిస్తుందో ఆ వర్గాన్నే ఇది గురిపెట్టింది. 1914 ఆగస్టు చివరలో ఫోక్‌స్టన్‌లో ఒక రిటైరైన నౌకాదళాధికారి, అడ్మిరల్ ఫిట్జ్‌జెరల్డ్, మామూలు దుస్తుల్లో తిరిగే యువకులకు పిరికితనానికి గుర్తుగా తెల్ల ఈకలు ఇమ్మని స్త్రీలను పురికొల్పినప్పుడు కూడా ఈ పరువే సాధనమైంది.

బొమ్మలో ఉన్నవాటి జాబితాతోపాటు లేనివాటి జాబితా కూడా రాయడం అలవాటు చేసుకోండి. ఈ గదిలో భర్త సైన్యానికి పోయాక ఇల్లు నెట్టుకొచ్చే భార్య లేదు. ఆమె లేకపోవడం చిన్న విషయం కాదు.

పక్కన పెట్టవలసిన కాగితాలు

అసలు శ్రమ ఇక్కడి నుంచే మొదలవుతుంది. ప్రతి పోస్టరుకూ జోడీగా, అదే విషయం మీద పాలనా వ్యవస్థలో పుట్టిన ఒక కాగితాన్ని వెతకాలి. చట్టసభ చర్చలు, కోర్టు వార్తలు, వైద్యపరీక్షల నివేదికలు, భత్యాల నిబంధనలు ఇందుకు పనికివస్తాయి. పార్లమెంటు చర్చల సంపుటాలు పూర్తిగా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి కనుక కొత్తవారు అక్కడి నుంచే ప్రారంభించడం మంచిది.

‘బ్రిటన్ స్త్రీలు అంటున్నారు, వెళ్ళండి!’ అనే 1915 నాటి పోస్టరు ఉంది. కిటికీ దగ్గర నిలబడిన స్త్రీలు, ఒక పిల్లవాడు, కవాతు చేస్తూ వెళ్ళిపోతున్న సైనికులను చూస్తుంటారు. దీని పక్కన సైనికుల భార్యలకిచ్చే భత్యం నిబంధనలను పెట్టండి. మామూలు సిపాయి భార్యకు వారానికి 12 షిల్లింగుల 6 పెన్నీలు ఇచ్చేవారు, అందులోనూ కొంత భర్త జీతం నుంచే కోసుకునేవారు. భర్త హోదా పెరిగితే భార్యకు వచ్చేది పెరిగేది. 1914 శరదృతువులోనే యుద్ధ కార్యాలయం ఈ భార్యల నడవడిని కనిపెట్టి ఉండమని పోలీసుల సాయం కోరింది. ‘అయోగ్యురాలు’ అని తేలితే భత్యం నిలిపివేసే వీలు కల్పించింది. గోడ మీద వీరమాతగా నిలబెట్టిన స్త్రీని, అదే ప్రభుత్వం దస్త్రంలో తాగుడుకో వ్యభిచారానికో పాల్పడుతుందేమోనన్న అనుమానంతో చూసింది. రెండూ ఒకే శ్రామికవర్గపు ఇల్లాలి గురించినవే. ఈ రెండు కాగితాలను ఎదురెదురుగా పెట్టిన రోజున పోస్టరు అర్థం మారిపోతుంది.

శరీరం గురించిన కాగితాలు ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి. చేరాలంటే 5 అడుగుల 3 అంగుళాల ఎత్తు ఉండాలన్నది మొదటి నియమం. ఆ కొలతకు అందని గని కార్మికులు, రేవు కూలీలు ఎందరో ఉండడంతో 1914 చివరలో బర్కన్‌హెడ్‌లో పొట్టివారి కోసమే ప్రత్యేక దళాలను మొదలుపెట్టవలసి వచ్చింది. 1917–18లో జరిగిన సుమారు 24 లక్షల వైద్యపరీక్షలలో మొదటి శ్రేణి ఆరోగ్యవంతులుగా తేలినవారు దాదాపు 36 శాతం మాత్రమే. పోస్టర్లలో విశాలమైన ఛాతీతో నిలబడిన యువకుడి వెనక, ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో పెరిగిన ఒక తరం ఉందని ఈ అంకె చెబుతోంది. సామ్రాజ్యం తన కార్మికులను ఎలా పెంచిందో తెలుసుకోవడానికి దానికి సైనికులు కావలసి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఉదాహరణ స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం. నౌకానిర్మాణం, మందుగుండు తయారీ కోసం వేలాది కార్మికులు అక్కడికి వచ్చి చేరడంతో 1915లో ఇళ్ళ యజమానులు అద్దెలు పెంచారు. గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ వంటి గృహిణులు కమిటీలుగా ఏర్పడి పెంచిన అద్దె కట్టబోమని తీర్మానించారు. కోర్టు అమీనాలు ఇళ్ళు ఖాళీ చేయించడానికి వస్తే గంటలు మోగించి, అందరూ గుమిగూడి, మెట్ల దారినే అడ్డుకున్నారు. నవంబరు నాటికి దాదాపు 20 వేల కుటుంబాలు ఈ సమ్మెలో ఉన్నాయి. నవంబరు 17న బకాయిల కింద కొందరు కార్మికులను కోర్టుకు ఈడ్చినప్పుడు నౌకానిర్మాణ కేంద్రాల కార్మికులు పని వదిలి వేలాదిగా కోర్టు ముందుకు నడిచారు. ఆ డిసెంబరులోనే అద్దెలను యుద్ధానికి ముందటి స్థాయిలో నిలిపివేస్తూ పార్లమెంటు చట్టం చేసింది.

ఈ ఉద్యమపు ఫొటోలలో పిల్లలు పట్టుకున్న అట్టలను జాగ్రత్తగా చదవండి. మా నాన్న ఫ్రాన్సులో పోరాడుతున్నాడు, మేము ఇక్కడ ఇంటిదగ్గరి హూణులతో పోరాడుతున్నాం అని వాటి సారాంశం. ‘హూణులు’ అన్నది జర్మనులను తిట్టడానికి ప్రభుత్వానుకూల పత్రికలు, పోస్టర్లు వాడిన మాట. గృహిణులు దాన్నే తీసుకొని ఇంటి యజమాని మీద ప్రయోగించారు. ప్రచారం పైనుంచి కిందికి మాత్రమే ప్రవహిస్తుందని నమ్మేవారికి ఈ ఒక్క ఫొటో చాలు. యుద్ధమంటే అందరి త్యాగమని మీరే చెప్పారు కదా, మరి త్యాగం మా ఒక్కరి వంతు ఎందుకయిందని వారు అడిగారు, ఆ ప్రశ్నకు ప్రభుత్వం వద్ద జవాబు లేదు. కాబట్టి ప్రచార భాష ఎవరి నోట, ఏ కొత్త అర్థంతో తిరిగి వినబడిందో వెతకడాన్ని మీ పద్ధతిలో తప్పనిసరి భాగం చేసుకోండి. 1915 జూలైలో సౌత్ వేల్స్ గని కార్మికులు దాదాపు రెండు లక్షల మంది, మందుగుండు చట్టం కింద సమ్మె నిషిద్ధమైనప్పటికీ, సమ్మె చేసి తమ కోర్కెలు సాధించుకున్నప్పుడు కూడా యజమానుల లాభాలే వాదానికి కేంద్రం. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం అదనపు లాభాల మీద 50 శాతం పన్ను వేసి, 1917 నాటికి దాన్ని 80 శాతానికి పెంచడాన్ని ఈ ఒత్తిడి నేపథ్యంలోనే చూడాలి.

అయితే వర్గదృష్టిని కూడా కాగితాలతోనే సరిచూసుకోవాలి. పెద్దలు పేదలను పంపి తాము దాక్కున్నారన్న సులభమైన వాక్యం ఇక్కడ నిలవదు. సంపన్నుల పాఠశాలల్లో చదివి నేరుగా అధికారులైన యువకులు సామాన్య సిపాయిల కన్నా ఎక్కువ నిష్పత్తిలో మరణించారు. దళాన్ని ముందుండి నడపడం వారి విధి. అసమానత చావులో కన్నా జీతంలో, సెలవుల్లో, వసతిలో, పింఛనులో కనబడుతుంది.

అబద్ధమని కొట్టివేసే ముందు

ప్రచారమంటే అబద్ధమేనని అనుకునేవారు, ప్రచారాన్ని నమ్మేవారంత తొందరపాటే చేస్తారు. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన సంఘానికి అధ్యక్షుడైన లార్డ్ బ్రైస్ పేరుమీద, బెల్జియంలో జర్మన్ సైన్యపు దురాగతాల నివేదిక 1915 మేలో, బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటేనియాను జర్మన్ జలాంతర్గామి ముంచిన కొద్ది రోజులకే వెలువడింది. సాక్షుల పేర్లు లేవు, సాక్ష్యాలు ప్రమాణం మీద తీసుకున్నవి కావు, నమ్మలేని కథలు కొన్ని చేరాయి. యుద్ధం తరువాత ఈ లోపాలు బయటపడి, మొత్తం కట్టుకథ అన్న అభిప్రాయం వ్యాపించింది. కానీ 1914 ఆగస్టు 23న దినాంలో 670 మందికి పైగా పౌరులను జర్మన్ సేన చంపిన మాట, లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తగలబెట్టిన మాట నిజం. బెల్జియం, ఉత్తర ఫ్రాన్సులలో ఆ నెలల్లో చనిపోయిన పౌరులు సుమారు 6,500 మందని తరువాతి పరిశోధన తేల్చింది. అతిశయోక్తి చివరకు నిజమైన మృతులకే అన్యాయం చేసింది. 1940లలో నాజీల మారణకాండ గురించి వార్తలు వచ్చినప్పుడు చాలామంది పాత ప్రచారమే మళ్ళీ వచ్చిందని అనుమానించారు. అందుచేత ప్రతి ఆరోపణను విడివిడిగా, ప్రదేశం, తేదీ, సాక్షి పెట్టి పరీక్షించండి.

మన సిపాయిలు, మన పత్రికలు

ఇదే పద్ధతిని భారతీయ సైనికుల గురించిన ప్రచారానికీ వర్తింపజేయవచ్చు. గాయపడిన భారత సిపాయిల కోసం బ్రైటన్‌లోని రాయల్ పెవిలియన్‌ను ఆసుపత్రిగా మార్చి, రాజుగారు తన మహలునే ఇచ్చారన్న భావం కలిగేలా ప్రచారం చేశారు. ఇంగ్లీషు, ఉర్దూ, గురుముఖి అక్షరాలలో పుస్తకం అచ్చువేసి పంచారు. నిజానికి ఆ భవనం 1850 నుంచే పురపాలక సంఘానిది. అదే ఊరిలో మరొక ఆసుపత్రిలో ఉన్న సిపాయిలను ఊళ్ళోకి స్వేచ్ఛగా పోనివ్వకుండా కాపలా మధ్య ఉంచారు. పెవిలియన్ ఫొటోలోని గుమ్మటాల పక్కన ఈ కాపలా నిబంధనను పెట్టి చదవాలి.

సిపాయిల ఉత్తరాలను చదివేటప్పుడు మూడు పొరలను గుర్తుంచుకోండి. చాలామందికి రాయడం రాదు కనుక చెప్పి రాయించారు. తమ పైవారు, సెన్సారువారు చదువుతారని తెలిసి రాయించారు. మనకు నేడు దొరుకుతున్నవి ఫ్రాన్సులోని సెన్సారు కార్యాలయం ఎంచి, అనువదించి, నివేదికల్లో చేర్చిన భాగాలు. నల్ల మిరియాలు అయిపోతున్నాయని, ఎర్ర మిరప కొద్దిగానే వాడుతున్నారని ఇంటికి రాసినవారు భారతీయ సైనికుల గురించి, తెల్ల సైనికుల గురించి చెబుతున్నారని సెన్సారుకు తెలిసిపోయింది. నేడు ఆ నివేదికలు చదివే మనకు కూడా ఆ సంగతి తెలిసి ఉండాలి.

తెలుగు పాఠకులకు దగ్గరి ఆధారాలు కూడా ఉన్నాయి. జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగిన టర్కీ సుల్తాను 1914 నవంబరులో జిహాద్ ప్రకటించినప్పుడు, బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయులుగా ఉండాలని ముస్లిములకు హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విజ్ఞప్తి చేశాడు. ఆయన అశ్వదళం ఈజిప్టు, పాలస్తీనా రంగాలకు వెళ్ళింది. 1918లో ఆయనకు కొత్త బిరుదులు దక్కాయి. ఆ విజ్ఞప్తిని ఎవరు ఎవరిని ఉద్దేశించి ఏ భయంతో ప్రకటింపజేశారన్న ప్రశ్న, బ్రిటిష్ పోస్టరుకు వేసిన ప్రశ్నే. 1914 సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను కాల్చినప్పుడు నగరం వదిలి పారిపోయిన జనం గురించి, అధికారుల ధైర్య ప్రకటనల గురించి ఆనాటి పత్రికలను చూడండి. ఆంధ్రపత్రిక ఆ ఏప్రిల్‌లోనే మద్రాసు నుంచి దినపత్రికగా మొదలైంది, మచిలీపట్నం నుంచి కృష్ణాపత్రిక వెలువడుతోంది. 1910 నాటి ప్రెస్ చట్టం ప్రకారం ధరావతు కోల్పోయే ప్రమాదం సంపాదకుల తల మీద ఉండేది కనుక వారి మౌనాన్ని సమ్మతిగా లెక్కించకూడదు.

ఒక అభ్యాసంతో ప్రారంభించదలచుకున్నవారు 1917, 1918 నాటి యుద్ధ రుణం ప్రకటనలను, అంటే యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వానికి అప్పు ఇవ్వమని ప్రజలను కోరిన ప్రకటనలను, ఎంచుకోవచ్చు. ప్రకటన వచ్చిన వారపు సంచికలోనే బియ్యం, నూలుబట్ట, ఉప్పు, కిరసనాయిలు ధరలు వెతికి ఒకే కాగితం మీద రాయండి. 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎన్నో చోట్ల ధరలు భరించలేని జనం ధాన్యపు దుకాణాల మీద పడ్డారు, సెప్టెంబరులో మద్రాసు నగరంలోనే లూటీలు జరిగాయి. రుణపత్రం కొనగలిగిన ఇంటికీ, శేరు బియ్యం కొనలేని ఇంటికీ మధ్య ఆ నెలల్లో ఎంత దూరం ఉండేదో ఆ రెండు వరుసల అంకెలు చూపిస్తాయి. ప్రకటనకు వివరణ రాయడం ఆ అంకెల తరువాతే మొదలుపెట్టండి.